కారే కుళాయి, ఇంటినిండా చుట్టాలు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో మొదట చెడిపోయింది ఒక్క కుళాయి. ఆరు గంటల తర్వాత ఇంట్లో ఎక్కడా నీళ్ళు లేవు. ఒక గోడ లోపల తడి, ఒక స్విచ్‌బోర్డు ఆపేసిన స్థితి, మేడ మీద విరిగిన వాల్వ్. రిపేరుకి దిగినవాళ్ళు చేతకానివాళ్ళేం కాదు, పానా పట్టడం తెలిసినవాళ్ళే. ఎక్కడ ఏ నిర్ణయం దారి తప్పించిందో వరసగా చూస్తే, ఇంట్లో జనం ఉన్నప్పుడు చేసే ప్రతి రిపేరుకీ పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఇల్లు ఎవరిదో తెలిసే వివరాలు తీసేశాను.

నేపథ్యం

రెండంతస్తుల ఇల్లు, కట్టి పదకొండేళ్ళు. కింద ఒక బాత్రూం, పైన రెండు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. అందులోంచి అంగుళం సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపు దిగి, గోడల్లో దాచిన అరంగుళం లైన్లుగా విడిపోతుంది. ఇల్లు మొత్తానికి మేడ మీద ఒకే ఒక గేట్ వాల్వ్, చక్రం తిప్పితే లోపల రేకు దిగి నీళ్ళు ఆపేది. ఏ బాత్రూంకీ విడిగా పనిచేసే వాల్వ్ లేదు. ఇల్లు కట్టినప్పుడు కింది బాత్రూంకి గోడలో స్టాప్ కాక్ ఒకటి పెట్టారు గానీ, తర్వాత టైల్స్ మార్చినప్పుడు అది లోపల పడిపోయింది. అలాంటిది ఉందని కూడా ఇంట్లోవాళ్ళకి గుర్తులేదు.

మామూలుగా ఆ ఇంట్లో ఉండేది నలుగురు. ఆ మూడు రోజులు పందొమ్మిది మంది.

చుట్టాలు వచ్చినప్పుడే అన్నీ చెడిపోతాయని చాలామంది దురదృష్టం కింద లెక్కేసుకుంటారు. కారణం అంతకన్నా సాదాసీదా. నలుగురు వాడే కుళాయిని పందొమ్మిది మంది వాడితే, నెలలో పడాల్సిన అరుగుదల వారంలోపే పడుతుంది. పైగా అలవాటు లేని చేతులు. ఈ ఇంట్లోవి పావు తిప్పుతో మూసుకునే సిరామిక్ కార్ట్రిడ్జ్ కుళాయిలు. మర తిప్పే పాత కుళాయిలకి అలవాటుపడ్డ చెయ్యి, చుక్క ఆగేదాకా బిగిస్తూనే పోతుంది. సిరామిక్ కుళాయిలో తొంభై డిగ్రీల తర్వాత బిగించడానికి ఏమీ ఉండదు. ఆ బలమంతా లోపలున్న చిన్న ఆపు మీద పడుతుంది. నెలల తరబడి అప్పుడప్పుడూ కారుతున్న కింది బాత్రూం కుళాయి, రెండో రోజు ఉదయానికి సెకనుకో చుక్క కారడం మొదలైంది.

సమస్య ఎంత పెద్దది?

ఇక్కడే ఒక లెక్క వేసుకుని ఉండాల్సింది. సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలకి ఒక మిల్లీలీటరు చొప్పున చూస్తే 4.3 లీటర్లు. కుళాయి చుక్క పెద్దది కాబట్టి మూడింతలు వేసుకున్నా 13 లీటర్లు. రోజంతా కారినా ఒక బకెట్ నిండదు. కింద బకెట్ పెట్టి, ఆ నీళ్ళు ఫ్లష్‌కి వాడుకుంటే చుక్క వృథా కాదు. చప్పుడు ఇబ్బందిగా ఉంటే కుళాయి మూతికి ఒక దారం కట్టి బకెట్‌లోకి వదిలితే చాలు, నీళ్ళు దారం వెంట నిశ్శబ్దంగా జారతాయి.

అది చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదన్నది అర్థం చేసుకోదగ్గ విషయమే. ఇంటాయనకి తన ఇంట్లో కుళాయి కారుతుంటే, లోపలికెళ్ళిన ప్రతి ఒక్కరూ బయటికొచ్చి "ఆ కుళాయి కారుతోంది, చూశారా?" అని అడుగుతుంటే, అది పరువు సమస్య అయింది. పెద్దాయన ఒకరు "మా రోజుల్లో ఇవన్నీ మేమే చేసుకునేవాళ్ళం రా, వాషరు మారిస్తే అయిపోయేదానికి ఇంత ఆలోచనా?" అన్నారు. బావమరిది చొక్కా చేతులు మడిచాడు. "నువ్వు పట్టుకో బావా, నేను తిప్పుతా."

ఇళ్ళలో రిపేర్లు చేసే మేం ప్రతి కాల్‌కీ వేసుకునే మొదటి ప్రశ్న, ఇది ఇప్పుడు విప్పకపోతే ఏమవుతుంది అన్నది. ఈ కేసులో జవాబు, ఒక బకెట్ నీళ్ళు. రెండో ప్రశ్న, విప్పాక కుదరకపోతే ఏమవుతుంది? పందొమ్మిది మంది ఉన్న ఇంట్లో ఒక్కొక్కరికి రోజుకు ఐదు ఫ్లష్‌లు, ఫ్లష్‌కి ఆరు లీటర్లు వేసుకున్నా 570 లీటర్లు ఒక్క టాయిలెట్‌కే కావాలి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పూట పానా తియ్యకూడదని తేలిపోతుంది. మామూలు రోజున ఒక బాత్రూం మూతపడితే పక్కదానికి వెళ్తారు. జనం నిండినప్పుడు పక్కది ఖాళీగా ఉండదు. పని అదే, పనిముట్లు అవే, చేసే మనిషీ అదే. తప్పుకి ఉండే చోటు మాత్రం పోతుంది.

ఇంట్లోవాళ్ళు ప్రయత్నించినవి

మొదటి అడుగు సరైనదే. నీళ్ళు ఆపడానికి మేడెక్కారు. గేట్ వాల్వ్ చక్రం కదల్లేదు. పైప్ రెంచ్ వేసి తిప్పితే మూడు చుట్లు తిరిగి బిగుసుకుంది. కింద కుళాయి తెరిస్తే ధార సన్నబడింది గానీ ఆగలేదు. "కొంచెం వస్తే పర్లేదు, బకెట్ పెట్టుకుని చేద్దాం" అనుకున్నారు.

కేసు మొత్తంలో అసలు తప్పు ఇదే. వాల్వ్ పూర్తిగా మూసుకోలేదంటే అది ఇచ్చే సమాచారం ఒక్కటే. ఈ ఇంట్లో నీళ్ళని ఆపే సాధనం లేదు. అది తెలిశాక ఏ మరా విప్పకూడదు. ఏళ్ళ తరబడి కదపని గేట్ వాల్వ్‌లో రేకు కూర్చునే గాడిలో సున్నపు పొర, ఇసుక పేరుకుంటాయి. రేకు అడుగుదాకా దిగదు. స్పిండిల్ (చక్రాన్నీ రేకునీ కలిపే కడ్డీ) మరలు ఉప్పునీటికి తినుకుపోయి ఉంటాయి. రెంచ్‌తో తిప్పితే ఒక చోట తిరుగుతున్నట్టే అనిపిస్తుంది, నిజానికి తిరుగుతున్నది మర కాదు, తెగుతున్న లోహం.

రెండో అడుగు, కుళాయి పైభాగం విప్పడం. చేతిలో ఉన్నది రబ్బరు వాషర్ల ప్యాకెట్. లోపల వాషర్ లేదు, సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంది. దానికి మార్చదగ్గ వాషరంటూ ఉండదు. నున్నటి రెండు పింగాణీ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతూ దారి తెరుస్తాయి, మూస్తాయి. వాటి మధ్య ఇసుక రేణువు గీత గీసిందంటే కారుతుంది, కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాల్సిందే. అదీ ఏదో ఒకటి తెస్తే సరిపోదు. పైన పిడి కూర్చునే పళ్ళు కొన్నిట్లో 20, కొన్నిట్లో 24 ఉంటాయి. మర కొలత, ఎత్తు కూడా కలవాలి. పాతది చేతిలో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూసి తెచ్చుకోవడమొక్కటే నమ్మదగ్గ పద్ధతి.

మళ్ళీ పాత కార్ట్రిడ్జ్‌నే పెట్టేశారు. ఈసారి చుక్క కాదు, సన్నటి ధార. కార్ట్రిడ్జ్ అడుగున మెత్తటి సీల్ రింగ్ ఒకటి ఉంటుంది, చిటికెన వేలి గోరంత. విప్పినప్పుడు అది జారి నేల మీది జాలీలోంచి వెళ్ళిపోయింది. ఇలాంటి పని మొదలుపెట్టేముందు జాలీ మీద తడి గుడ్డ పరిచి ఉంటే అది గుడ్డ మీద పడేది. పెద్ద నైపుణ్యం కాదు, అయినా పది కేసుల్లో ఆరేడింట్లో ఎవరూ పరవరు.

ఇక్కడితో ఆగినా నష్టం చిన్నదే. ధార కింద బకెట్ పెట్టి, నిండినప్పుడల్లా మార్చుకుంటూ రాత్రి దాకా నెట్టుకురావచ్చు. కానీ గంటన్నర గడిచింది, బాత్రూం బయట జనం నిలబడ్డారు, వెనక్కి తగ్గడం కష్టమైంది. మొత్తం కుళాయే మార్చేద్దామని కొత్తది తెచ్చారు.

పాత కుళాయి గోడలోకి నేరుగా బిగించలేదు. మధ్యలో అంగుళం పొడవు ఎక్స్‌టెన్షన్ నిపిల్, అంటే మరలున్న చిన్న ఇత్తడి గొట్టం ముక్క ఉంది. పన్నెండు అంగుళాల రెంచ్‌కి కదల్లేదని, దాని పిడికి మూడడుగుల ఇనప పైపు తొడిగారు. చేతి బలం అంతే, మీట మూడింతలు, కాబట్టి మర మీద పడే మెలిక కూడా మూడింతలు. నిపిల్ గోడ లోపల, ఎల్బో (పైపు మలుపు తిరిగే జాయింట్) మూతి దగ్గర తెగిపోయింది. కుళాయి చేతికొచ్చింది, నీళ్ళు ఎదురుగా గోడకి కొట్టాయి.

ఆ తెగిన నిపిల్ ముక్క మాకు తర్వాత దొరికింది. బయట క్రోమియం మెరుపు చెక్కుచెదరలేదు. తెగిన అంచు మాత్రం ఇత్తడి పసుపులో లేదు, రాగిరంగు గులాబీ ఛాయలో, బిస్కెట్ విరిచినట్టు గరుకుగా ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. నీళ్ళలో ఏళ్ళ తరబడి నానితే నాసిరకం ఇత్తడిలోంచి జింకు కరిగి వెళ్ళిపోతుంది. మిగిలేది స్పాంజిలాంటి రాగి. దానికి ఆకారం ఉంటుంది, బలం ఉండదు. పాత నిపిల్ కదలనప్పుడు బలం పెంచకూడదనడానికి కారణం ఇదే. కొంచెం కొంచెం వేడి చెయ్యడం, బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పి తర్వాత విప్పడం లాంటివి గోడ బయట పనిచేస్తాయి. పక్కనే ప్లాస్టిక్ ఎల్బో ఉన్నచోట వేడి అస్సలు పనికిరాదు.

కంగారులో ఒకరు మేడ మీదికి పరిగెత్తి వాల్వ్‌ని ఇంకా మూయబోయారు. స్పిండిల్ తెగింది. చక్రం తేలిగ్గా తిరగసాగింది, లోపల రేకు సగంలో ఉండిపోయింది. కిందున్నవాళ్ళు గోడ రంధ్రంలో గుడ్డ కుక్కి కర్రతో అదిమారు. ఇది ఇంకో నష్టం తెచ్చింది. రంధ్రాన్ని వదిలేస్తే ధార నేల మీద పడి జాలీలోకి పోయేది. గుడ్డ కుక్కితే నీళ్ళు పక్కలకి చిమ్మి టైల్ వెనక సందులోకి దిగాయి. ఆ గోడకి అవతలి వైపు, నేలకి అడుగున్నర ఎత్తులో ఒక ప్లగ్ పాయింట్ ఉంది. ఆపలేని ధారని అదమకూడదు, దారి మళ్ళించాలి. ఒక ప్లాస్టిక్ షీటో, బకెట్ మూతో ఏటవాలుగా పట్టి నేల మీదికి దించితే చాలు.

చివరికి ఇంట్లో కుళాయిలన్నీ తెరిచి ట్యాంకు ఖాళీ చేశారు. ధార ఆగింది. ట్యాంకులో నీళ్ళు కూడా అయిపోయాయి. మమ్మల్ని పిలిచింది అప్పుడు.

వాళ్ళకి తెలియని దారి ఒకటి ఉంది, ఇది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. వాల్వ్ పనిచెయ్యకపోతే ట్యాంకు లోపలి నుంచి ఔట్‌లెట్ మూయొచ్చు. కోసుగా చెక్కిన రబ్బరు బిరడా గానీ, శుభ్రమైన గుడ్డ చుట్టిన చెక్క బిరడా గానీ ఔట్‌లెట్ రంధ్రంలో పెడితే నీటి బరువే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. 25 మి.మీ. రంధ్రం మీద మీటరు లోతు నీళ్ళు వేసే బలం దాదాపు అర కిలో. తీసేటప్పుడు అంతే బలంతో లాగాలి కాబట్టి బిరడాకి గట్టి తాడు కట్టి కొస బయట ముడెయ్యాలి. తాడు లేకుండా ఉత్త గుడ్డ కుక్కితే అది పైపులోకి జారి, ఇంకో సమస్యకి తలుపు తీస్తుంది.

మేం వెళ్ళాక తీసుకున్న నిర్ణయాలు

నీళ్ళ సంగతి తర్వాత, ముందు కరెంటు. తడిసిన గోడ అవతలి ప్లగ్ పాయింట్ ఉన్న సర్క్యూట్ ఎంసీబీ దించాం. గీజర్ స్విచ్‌లు మూడూ ఆపాం. లైను ఖాళీ అయినప్పుడు గీజర్ ట్యాంకులో నీళ్ళు ఉన్నాయో లేదో బయట నుంచి తెలియదు. నీళ్ళు లేకుండా ఎలిమెంట్ వేడెక్కితే కాలిపోతుంది.

తర్వాతది, బాత్రూం ముందా వాల్వ్ ముందా? ఇంట్లోవాళ్ళందరూ బాత్రూం వైపు చూపించారు. "ముందు ఇది చూడండి, ఇక్కడే కదా విరిగింది" అన్నారు. మేం మేడెక్కాం. రెండు కారణాలు. విరిగిన నిపిల్ తీసేటప్పుడు ఎల్బో దెబ్బతింటే, నీళ్ళు ఆపగలిగే వాల్వ్ లేకుండా మిగతా ఇంటికి నీళ్ళివ్వలేం. ఇంకోటి, మేడ మీది వాల్వ్ మార్చాలంటే ట్యాంకు ఖాళీగా ఉండడం మేలు. అది ఎలాగూ ఖాళీగా ఉంది. ఒకసారి నింపితే ఆ అవకాశం మళ్ళీ ఇంకో వెయ్యి లీటర్లు పారబోస్తే గానీ రాదు.

గేట్ వాల్వ్ తీసేసి అంగుళం బాల్ వాల్వ్ పెట్టాం, రెండు వైపులా యూనియన్లతో (మర విప్పి తీయగలిగే జాయింట్లతో). యూనియన్ ఉంటే రేపు వాల్వ్ పాడైనా పైపు కొయ్యకుండా విప్పి మార్చుకోవచ్చు. బాల్ వాల్వ్ ఎంచుకోవడానికి ఇంకో కారణం, దాని పిడి స్థితి కళ్ళకి కనిపిస్తుంది. పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. కంగారులో ఉన్న మనిషికి ఎన్ని చుట్లు తిప్పాలో గుర్తుండదు.

సీపీవీసీ జాయింట్‌లో చెడేది ఎక్కువగా తడి వల్ల. ట్యాంకు అడుగున మిగిలిన నీళ్ళు పైపు మూతి దాకా చెమ్మగా వస్తూనే ఉంటాయి. ట్యాంకులో ఔట్‌లెట్‌కి గుడ్డ బిరడా పెట్టి, పైపు లోపలా బయటా పొడి గుడ్డతో తుడిచాకే అంటించే సొల్యూషన్ రాశాం. పైపుని అడ్డంగా, వంకర లేకుండా కోసి, అంచు గరుకు గీకేసి, సాకెట్ ఎంత లోతుందో పైపు మీద గీత పెట్టి, రెండింటికీ పల్చగా రాసి, తోస్తూ పావు చుట్టు తిప్పి, ముప్పై సెకన్లు కదపకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే సాకెట్ ఏటవాలు వల్ల పైపు తనంతట తానే కొంచెం వెనక్కి జరుగుతుంది. సాకెట్ బయట గీత కనిపిస్తే జరిగినట్టే. ఆరడానికి డబ్బా మీద ఎంత రాస్తే అంతసేపు ఆగాం. కింద నుంచి "ఇంకా ఎంతసేపు?" అని మూడుసార్లు కబురొచ్చింది. ఆ నిరీక్షణలోనే కింది పని మొదలుపెట్టాం.

మా ప్రయత్నంలో ఫలించనిది

నిపిల్ ముక్క తియ్యడానికి మొదట ఎక్స్‌ట్రాక్టర్ వాడాం. కోసుగా, పలకలుగా ఉండే ఉక్కు పనిముట్టు, విరిగిన ముక్కలోకి కొట్టి విప్పే వైపు తిప్పుతారు. మంచి ఇత్తడి అయితే ఇదే తేలిక. ఇక్కడ పలకలు పట్టకుండా పొడి రాల్చాయి. రెండోసారి ఇంకొంచెం లోతుగా కొట్టి తిప్పితే, ముక్క కాదు, ఎల్బో చుట్టూ ఉన్న సిమెంటు రేణువులు రాలాయి. అంటే మెలిక ముక్క దాటి ఎల్బోకి చేరుతోంది. సీపీవీసీ ఎల్బోలో ఇత్తడి మర ప్లాస్టిక్ లోపల పోత పోసి ఉంటుంది. దాని మీద బలం మితిమీరితే ఇత్తడి ముక్క ప్లాస్టిక్‌లో గిర్రున తిరిగిపోతుంది. ఆ తర్వాత గోడ పగలగొట్టడం తప్ప దారి లేదు, ఆ రాత్రి ఆ ఇంట్లో గోడ పగలగొట్టే పరిస్థితి లేదు. మూడోసారి ప్రయత్నించలేదు.

నిజానికి ఆ పనిముట్టు మొదటి ఎంపిక కాకూడదు. తెగిన ముక్క రంగు అప్పటికే చూశాం. జింకు పోయిన ఇత్తడికి కోసు పనిముట్టు పట్టదని ఆ రంగే చెప్పింది, తేలిక దారి కదా అని ముందు అటే వెళ్ళాం.

పనిచేసింది

హాక్సా బ్లేడు. ఫ్రేము నుంచి విప్పి, ఒక కొసకి గుడ్డ చుట్టి, ముక్క లోపలి నుంచి బయటి వైపుకి కోశాం, చెయ్యి లాగేటప్పుడు మాత్రమే ఒత్తిడితో. ఎనిమిది మిల్లీమీటర్ల ఎడంతో రెండు గాట్లు. ముక్క మందం దాటిందీ లేనిదీ చేతికి తెలియాలి. పోయిన ఇత్తడి మెత్తగా, ఇసకలా తెగుతుంది. ఎల్బో ఇత్తడి తగలగానే బ్లేడు జారినట్టు నున్నగా, శబ్దం సన్నగా మారుతుంది. అక్కడ ఆగాలి. రెండు గాట్ల మధ్య పలుకుని సన్నటి ఉలితో లోపలికి వంచి, ముక్కు పట్కారుతో లాగితే వచ్చింది. ఒక పలుకు పోయాక మిగిలిన వలయం బిగువు వదిలేసి రెండు వేళ్ళతో తిరిగింది. ఇరవై ఐదు నిమిషాలు.

మరలు బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక మంచి నిపిల్‌ని టేపు లేకుండా చేత్తో బిగించి చూశాం. సాఫీగా ఐదు చుట్లు వెళ్ళింది. టార్చి వేసి చూస్తే మొదటి రెండు మరల మీద బ్లేడు గాటు పడింది. అందుకని ఆ రాత్రి కుళాయి బిగించలేదు. అరంగుళం ఎండ్ ప్లగ్ పెట్టి మూసేశాం.

దీనికి ఇంటాయన ఒప్పుకోలేదు. "ఇంత చేశారు, ఆ కొత్త కుళాయి తగిలిస్తే అయిపోతుంది కదండీ" అన్నారు. మా కారణం చెప్పాం. కుళాయి గోడ నుంచి నాలుగైదు అంగుళాలు బయటికి ఉంటుంది. అదొక మీట. బకెట్ తగిలించేవాళ్ళు, పట్టుకుని లేచేవాళ్ళు, పిల్లలు, ప్రతి ఒక్కరి బలమూ ఎల్బో మీద పడుతుంది. గాటు పడ్డ మరకి, రెండుసార్లు మెలిక తిన్న ఎల్బోకి ఆ భారం ఎక్కువ. ప్లగ్ గోడలో మునిగి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టుకుని లాగలేరు. ఆ బాత్రూంలో ఫ్లష్, షవర్ వేరే పాయింట్ల మీద ఉన్నాయి. ఒక కుళాయి లేకపోయినా మూడు బాత్రూంలూ వాడుకోవచ్చు. అదే అప్పటి అవసరం.

ప్లగ్‌కి టెఫ్లాన్ టేపు పది చుట్లు వేశాం. మర కొస మనవైపు ఉంచుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేకొద్దీ టేపు ఊడి ముద్దవుతుంది. మొదటి మర ఖాళీగా వదలాలి, లేకపోతే తెగిన టేపు పోగు లైనులోకి వెళ్ళి ఇంకో కుళాయి కార్ట్రిడ్జ్‌లో చిక్కుకుంటుంది. చేత్తో బిగినంతవరకు తిప్పి, తర్వాత పానాతో ఒక్క చుట్టు. ఇంకా బిగిస్తే ఇంకా మంచిదనుకోవడం ప్లాస్టిక్ ఎల్బోల్లో పగుళ్ళకి మొదటి కారణం. టేపు మందంగా చుట్టి బలంగా తోస్తే మర చీలలా పనిచేస్తుంది.

నీళ్ళు మళ్ళీ ఇవ్వడం

ఖాళీ అయిన లైనుని ఒక్కసారిగా నింపకూడదు. పైపుల గోడలకి అంటుకున్న పొరలు ఊడి, గాలి తోసుకుంటూ కుళాయిల్లోకి వచ్చిపడతాయి. కుళాయి మూతుల్లోని జల్లెళ్ళన్నీ విప్పించాం. బాల్ వాల్వ్ పావు వంతు తెరిచి, పైఅంతస్తులో ఎత్తుగా ఉన్న కుళాయి ముందు తెరిచి, గాలి చీదడం ఆగాక ఒక్కొక్కటీ కిందికి వచ్చాం. ఒక్కో కుళాయి మూడు నాలుగు నిమిషాలు వదిలాం. మొదట టీ రంగు, తర్వాత తేట.

ఇక్కడ ఒకటి తప్పింది. ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు ఇంట్లోవాళ్ళు తొమ్మిది కుళాయిలు తెరిచారు, ఎనిమిదే మూశారు. వంటగది సింకులోది తెరిచే ఉంది, సింకులో గిన్నెలు అడ్డుపడి నీళ్ళు నేల మీదికి వచ్చాయి. అప్పటి నుంచి మా పద్ధతి మార్చుకున్నాం. లైను నింపేముందు ఇంట్లో ఒకరికి కుళాయిలు లెక్కపెట్టే పని ఇస్తాం. ఊరికే నిలబడి సలహాలిచ్చే మనిషికి ఇది మంచి పని, వాళ్ళూ శ్రద్ధగా చేస్తారు. పైఅంతస్తు ఫ్లష్ ట్యాంకు ఒకటి రేణువు చిక్కి ఆగకుండా కారింది. దానికి నీళ్ళిచ్చే చిన్న కుళాయి (యాంగిల్ కాక్) మూసి, ఇన్‌లెట్ జల్లెడ కడిగితే సరిపోయింది.

గోడలో ఎక్కడైనా కారుతోందా అన్నది ఆ రాత్రే తేలాలి. జనం నిద్రపోయాక ట్యాంకులోకి నీళ్ళొచ్చే లైను మూసి, నీటి మట్టం దగ్గర లోపల గీత పెట్టారు. రాత్రి వాడకానికి ప్రతి బాత్రూంలో రెండు బకెట్లు నింపి ఉంచారు. ఆ ట్యాంకు లోపలి అడ్డుకొలత 105 సెం.మీ., అంటే మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 8.7 లీటర్లు పోయినట్టు. నాలుగున్నర గంటల తర్వాత గీత దగ్గరే ఉంది.

తర్వాత

వారం తర్వాత, ఇల్లు ఖాళీ అయ్యాక, రెండు టైల్స్ తీసి ఎల్బో మార్చాం. బయటికి తీసిన ఎల్బోలో ఇత్తడి మర చుట్టూ ప్లాస్టిక్ మీద వెంట్రుకంత పగులు, సగం చుట్టు దాకా. ఆ రాత్రి టార్చి వెలుగులో అది మాకు కనిపించలేదు. కొత్త ఎల్బో పెట్టి, చేతి పంపుతో లైనుని 6 బార్ ఒత్తిడి దాకా ఎక్కించి, రెండు గంటలు ముల్లు కదలకపోవడం చూశాకే టైల్ అంటించాం. తడిసిన ప్లగ్ పాయింట్‌ని ఎలక్ట్రీషియన్ విప్పి ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూస్తే ఇన్సులేషన్ ఒక మెగా ఓమ్‌కి పైన చూపించాకే ఎంసీబీ లేపారు. అప్పటివరకు ఆ గదికి కరెంటు లేదు.

ఈ కేసు నేర్పినవి

విప్పేముందు వాల్వ్‌ని పరీక్షించాలి. వాల్వ్ మూసి, ఇంట్లో అన్నిటికన్నా కిందున్న కుళాయి తెరిచి, లైనులో మిగిలింది కారిపోయే దాకా చూడాలి. చుక్క కూడా ఆగితేనే పానా తియ్యాలి. సన్నటి ధార మిగిలినా ఆ రోజు పని వాల్వ్‌దే, కుళాయిది కాదు. జనం ఉంటే ఆ పని కూడా వాయిదా.

విడి భాగం చేతిలో ఉండాలి, దుకాణంలో కాదు. కుళాయి విప్పాక ఏ కార్ట్రిడ్జ్ కావాలో తెలిస్తే, అది దొరికేదాకా గోడకి రంధ్రమే. అందుకే జేబులో ఒక అరంగుళం ఎండ్ ప్లగ్, ఒక టేపు చుట్ట లేకుండా ఏ కుళాయీ విప్పకూడదు. ఆ మర బయటి కొలత దాదాపు 21 మి.మీ. ఉంటుంది, స్కేలుతో కొలిచి ముప్పావు అంగుళం అనుకుని తప్పు ప్లగ్ తెచ్చేవాళ్ళు చాలామంది.

వాల్వ్ దగ్గర ఒక్కరే ఉండాలి, వాళ్ళు కిందివాళ్ళ మాట వినిపించేచోట గానీ ఫోనులో గానీ ఉండాలి. పిడి ఊడదీసి పని చేసే మనిషి జేబులో పెట్టుకుంటే ఇంకా నయం. ఈ ఇంట్లో ముగ్గురు వేరు వేరు సమయాల్లో ఆ చక్రం తిప్పారు, ఎవరు ఎన్ని చుట్లు తిప్పారో ఎవరికీ తెలియదు.

వాయిదా వెయ్యకూడనివి ఉన్నాయి. పగిలిన పైపు, కాలిన వాసన వచ్చే స్విచ్, గ్యాస్ వాసన, ఉన్న ఒక్క టాయిలెట్ మూసుకుపోవడం, మురుగు వెనక్కి తన్నడం. వీటికి అప్పుడే మనిషిని పిలవాలి. కారే కుళాయి, ఆగని ఫ్లష్ ట్యాంకు, వదులైన తలుపు బందు, మినుకుమనే ఒక దీపం ఆ జాబితాలోవి కావు. ఫ్లష్ ట్యాంకుకి యాంగిల్ కాక్ మూసి, బకెట్‌తో ఆరు లీటర్లు ఒక్క ఉదుటున పోస్తే పని జరిగిపోతుంది.

చుట్టాలు వచ్చేముందు రిపేర్లు చెయ్యాలనుకుంటే రెండు వారాల ముందే చెయ్యాలి. ముందురోజు చేసిన రిపేరు ఏమీ చెయ్యకపోవడం కన్నా ప్రమాదం. కొత్త జాయింట్ కారేదుంటే ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది, సరిగ్గా ఇల్లు నిండిన రోజున.

ఇంటాయనకి ఒక మాట ఉపయోగపడిందని తర్వాత చెప్పారు. "దీన్ని సోమవారం చేయిస్తున్నాను, అందాకా బకెట్ వాడండి" అని రోజు పేరుతో సహా చెప్తే, అడిగేవాళ్ళు ఆగిపోతారు. "చూస్తాను" అంటే ప్రతి ఒక్కరూ ఒక సలహా ఇస్తారు.

ఇప్పుడు మేడ మీద బాల్ వాల్వ్‌కి ఒక రేకు కట్టి ఉంది, దాని మీద తెరిచిన స్థితి, మూసిన స్థితి బొమ్మలు. మూడు నెలలకోసారి మూసి తెరుస్తున్నారు. కింది బాత్రూంకీ, పైన ఒకదానికీ పైపులు బయటికి కనిపించే చోట విడిగా వాల్వులు పెట్టాం. పైన రెండో బాత్రూం లైను పూర్తిగా గోడలోనే ఉంది, దానికి టైల్స్ కొయ్యాలి, ఇంట్లోవాళ్ళు ఇంకా నిర్ణయించుకోలేదు. ఆ బాత్రూంలో ఏది విప్పాలన్నా ఇప్పటికీ ఇల్లంతా నీళ్ళు ఆపాల్సిందే. ఆ సంగతి తలుపు వెనక కాగితం మీద రాసి అంటించి వచ్చాం.